జున్ను హాస్టలు ఫీజు

“రోజుకి తొమ్మిదొందలా! కుక్కకా!”

కృష్ణమోహన్ గొంతుకి లోపల గదుల్లో ఉన్న కుక్కలన్నీ ఒక్కసారిగా మొరిగాయి. భార్య రుక్మిణి ఒళ్లో ఉన్న జున్ను మాత్రం కిమ్మనలేదు. దానికి ఆ గొంతు అలవాటే.

తాడేపల్లిగూడెం నుంచి ఏలూరు దాకా ఎండలో కారు నడుపుకుంటూ వచ్చాడు కృష్ణమోహన్. ఏసీ వేస్తే పెట్రోలు తాగేస్తుందని వేయలేదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఎల్లుండే రామేశ్వరం ప్రయాణం. జున్నుని ఎక్కడ వదలాలో తేలక ఇప్పటికే రెండుసార్లు ఆగిపోయింది. ఈసారీ ఆగితే రుక్మిణి ఇక జన్మలో రామేశ్వరం మాట ఎత్తదని ఆయనకి తెలుసు.

“ఏసీ గది, పూటకో గుడ్డు, సాయంత్రం షికారు. అన్నీ కలిపేనండి,” అన్నాడు ఆ కుక్కల హాస్టలు నడిపే రూబెన్.

“ఏసీ తీసెయ్యి. మా ఇంట్లో నాకే లేదు.”

“తీసేసినా అంతేనండి.”

“గుడ్డు తీసెయ్యి. మా ఇంట గుడ్డు గడప తొక్కదు. ఇది పెరుగన్నం తింటుంది.”

“పెరుగన్నమైనా అంతేనండి.”

“షికారు మానెయ్యి!”

“మానేసినా అంతేనండి సార్. ఒక్క రూపాయి తగ్గదండి.”

ఉల్లిపాయల వ్యాపారంలో కృష్ణమోహన్‌కి ఒక పద్ధతి ఉంది. లారీ రాకముందే సరుకు పంపేవాడితో ఫోనులో ధర తేల్చేసుకుంటాడు. లారీ వచ్చాక మాత్రం నలుగురి ముందూ కొట్లాటకి దిగినట్టు బేరమాడతాడు. చూసేవాళ్లు ఆ ధర నిజమేననుకుని అదే ధరకి కొనుక్కుపోతారు. అంతటి బేరగాడికి ఈ రూబెన్ దగ్గర పట్టు దొరకడం లేదు. ఆయన నీరసంగా కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

“పోనీ, మండవల్లి చేపల చెరువు మీద కాపలా ఉండే సత్తిబాబు ఉన్నాడుగా. వాడి పాకలో పడేద్దామా?”

“అక్కడ చేపల మీదకి వాలే పిట్టల్ని తోలడానికి పొద్దస్తమానం టపాకాయలు పేలుస్తారు కదండీ,” అంది రుక్మిణి. “కిందటిసారి ఆ మోతకి ఇది హడలిపోయి చెరువులో దూకేసింది. మర్చిపోయారా?”

“పక్కింటి వెంకటలక్ష్మి గారో?”

“ఆవిడ చీపురు చూస్తే దీనికి వణుకండీ.”

కృష్ణమోహన్ ఫోను తీసి మళ్లీ లెక్క వేశాడు. ఎన్నిసార్లు వేసినా అదే అంకె తేలింది. రామేశ్వరంలో వాళ్లిద్దరూ పడుకునే సత్రం గది అద్దెకంటే ఇక్కడ జున్ను పడుకునే గది అద్దె మూడింతలు. వారానికి అంతా కలిపితే ఆరువేల మూడొందలు.

“సరే, ఇది కట్టాలంటే మిగతావి తగ్గించాలి. దారిలో భోజనాలు మానేద్దాం. పులిహోర కలిపి పట్టుకెళ్దాం. అక్కడ ఆటోలెందుకు, నడుద్దాం. టికెట్టు దర్శనమెందుకు, ఉచితం లైన్లో నుంచుందాం.”

“వారం రోజులూ పులిహోరేనాండీ?” రుక్మిణి గొంతు బాగా అలిసిపోయి ఉంది. “అన్నవరంలో చెప్పులు కాసేవాడితో మీరు పోట్లాడుతుంటే ఈలోగా గుడి తలుపులు వేసేశారు. ఈసారైనా నన్ను ప్రశాంతంగా ఓ దండం పెట్టుకోనివ్వండి.”

“రెండు రూపాయలు ఎక్కువ అడిగాడు మరి! వదిలేస్తానా?”

ఆవిడ జున్ను చెవులు నిమురుతూ కూర్చుంది. ఆ మొహం చూసేసరికి కృష్ణమోహన్‌కి జాలేసింది. తొమ్మిదొందలు గుర్తొచ్చి ఆ జాలి ఇంకో దారి పట్టింది.

“ఒక పని చేద్దాం. మీ చెల్లెలూ మా తోడల్లుడూ ఎలాగూ వస్తున్నారుగా. వాళ్లతో నువ్వెళ్లు. నా టికెట్టు కేన్సిల్ చేస్తే ఎంతోకొంత తిరిగొస్తుంది. జున్నుని నేను చూసుకుంటాను.”

“మీరు లేకుండా ఎలాగండీ?” అని రుక్మిణి కిటికీ వైపు తిరిగింది.

పాపం, బాధపడుతోందనుకున్నాడు ఆయన.

రుక్మిణి రైలెక్కింది. ఇక్కడ జున్ను అన్నం మానేసింది. కృష్ణమోహన్ కలిపిన పెరుగన్నం వాసన చూసి మొహం తిప్పుకుంది. రాత్రంతా వీధి తలుపు గీకుతూ ఏడ్చింది. పగలు దుకాణానికి తీసుకెళితే ఉల్లి ఘాటుకి తుమ్మి తుమ్మి సొమ్మసిల్లింది. రెండు రోజులకే ఆయన కళ్లు గుంటలు పడ్డాయి. ఇక తన వల్ల కాదనిపించింది. డబ్బు పోతే పోయింది, ముందు కాస్త నిద్ర కావాలి.

రూబెన్‌కి ఫోన్ చేశాడు.

“బాబూ, జున్నుని తీసుకొస్తున్నాను. ఆ తొమ్మిదొందలూ కడతాలే.”

“అయ్యో, అంతెందుకండీ? మా దగ్గర రోజుకి నాలుగొందలేనండి.”

కృష్ణమోహన్ చటుక్కున లేచి నుంచున్నాడు. “మొన్న తొమ్మిదొందలన్నావుగా! రూపాయి తగ్గదన్నావుగా!”

అవతల కుక్కల అరుపుల మధ్య రూబెన్ నసిగాడు.

“నాదేం తప్పు లేదండి. మీరు వచ్చే ముందురోజే అమ్మగారు ఫోన్ చేశారండి. తొమ్మిదొందలు చెప్పు, ఏం చేసినా దిగకు అన్నారండి. అంతెందుకమ్మా, ఏడొందలు చాలదా అన్నానండి. ‘చాలదు బాబూ, ఏడొందలైతే ఆయన తిట్టుకుంటూనైనా నాతో వచ్చేస్తారు’ అన్నారండి.”