భట్టీ అడిగిన మనిషి

ఫ్యాక్టరీ గేటు మీద నెత్తురు చారలు కట్టి ఉంది.

నరసరాజు సైకిలు దిగి రెండడుగులు వెనక్కి వేశాడు. గేటు కింద పసుపు, కుంకుమ. ఓ మూల తెల్లటి ఈకలు.

"భయపడకున్రి సారూ, కోడి నెత్తురే," అన్నాడు వాచ్‌మన్ కిష్టప్ప. "తెల్లారకముందే ఊరోళ్లొచ్చి కోసి పోయిన్రు. మనిషికి బదులు కోడిని తీసుకొమ్మని మొక్కిన్రు."

"మనిషికి బదులా? ఎవరికి మొక్కారు?"

కిష్టప్ప లోపలి చిమ్నీ వైపు చూపించి గొంతు తగ్గించాడు. "గా భట్టీకి. కొత్త భట్టీ రాజుకోవాలంటే నరబలి ఇయ్యాల్నంట. పనికి పెట్టుకుంటమని పిలిసి లోపటికి తోస్తరంట. చిట్కుల్ నుంచి రుద్రారం దాక ఇదే ముచ్చట."

నరసరాజు లోపలికి తొంగి చూశాడు. కూలీల ఎంపిక ఇవాళే. పని ఎప్పుడిస్తారంటూ మొన్నటిదాకా గేటు విరగ్గొట్టినంత పని చేసిన మగవాళ్లలో ఒక్కడి జాడా లేదు. షామియానా కింద తన బల్ల, కుర్చీ దిక్కులు చూస్తున్నాయి.

పటాన్‌చెరు చుట్టూ ఒకటొకటిగా ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. భీమవరం నుంచి వచ్చి ఈ పింగాణీ ఫ్యాక్టరీలో లేబర్ ఆఫీసరుగా చేరిన నరసరాజు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లకే పని ఇవ్వాలని యజమానితో పోట్లాడి మరీ ఒప్పించాడు.

"సరే, రేపు సాయంత్రానికి మనుషుల్ని చూపించు," అని నిన్ననే చెప్పాడు యజమాని రామలింగేశ్వరరావు. "లేకపోతే గుత్తేదారు కొమురయ్య బయటినుంచి కూలీల్ని దింపుతాడు. అప్పుడు నీతో కూడా నాకు పనుండదు."

ఆ కొమురయ్య ఇప్పుడు షామియానా గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. "నేను ముందుగాల్నే చెప్పిన గద సారు? ఈడోళ్లతోని కాదు. మీరు ఊ అంటే సాలు, నా లారీ తయారున్నది."

నరసరాజు అతని మొహంలోకి పరీక్షగా చూశాడు. ఈ పుకారు వల్ల లాభం ఎవరికి? జవాబు ఎదురుగానే నిలబడి బీడీ కాలుస్తోంది.

ఇంతలో గేటు కిర్రుమంది. ఒక ఆడమనిషి కొంగు నడుముకు బిగించి, నెత్తుటి చారల వైపు కన్నెత్తి అయినా చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చింది.

"నా పేరు మొగులమ్మ సారూ. మాది చిట్కుల్. ఉన్న చెలక భూమి మీ ఫ్యాక్టరీ కిందికే పాయె. ఇంట్ల పొయ్యి ఎలగాలంటే నాకీడ పని గావాలె."

కొమురయ్య పకపకా నవ్వాడు. "భట్టీ కాడ ఆడిదానికేం పని?"

"మనుషుల్ని మింగే భట్టీకి ఆడ మగ తేడా లేదంట కొమురన్నా. నీకే ఉన్నట్టున్నది."

కిష్టప్ప నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాడు.

నరసరాజు ముందుకు వంగాడు. "నీకు భయం లేదా అమ్మా?"

"గా భట్టీ ఏడున్నదో సూపియ్యిన్రి. మాట్లాడొస్త."

వేళాకోళమనుకున్నాడు. ఆమె నిజంగానే నడిచింది. ఇంకా నిప్పు పెట్టని భట్టీలోకి తల వంచి దూరింది. లోపలినుంచి ఆమె గొంతు ఖంగుమని మోగింది.

"ఏందే, నన్ను తింటవా? జల్దీ తిను, నాకు పనున్నది!"

కాసేపటికి ఒళ్లంతా ఇటుక దుమ్ముతో బయటికి వచ్చి కొంగు దులుపుకుంది.

నరసరాజు ఇన్నాళ్ల ఉద్యోగంలో ఎన్నో సర్టిఫికెట్లు చూశాడు. ఇలాంటి గుండెను చూడలేదు.

"నీకు పని ఇచ్చేశాను. ఊళ్లోవాళ్లను కూడా పిలుచుకు రాగలవా?"

"ఇట్లనే పోయి ఆళ్ల ముంగట నిలవడ్త సారూ. గంతే."

ఎండ నడినెత్తికి రాకముందే రోడ్డు మీద దుమ్ము లేచింది. జనం! ముందు మొగులమ్మ, ఆమె వెనక తలలు వంచుకున్న మగవాళ్లు, వాళ్ల వెనక మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్న ఆడవాళ్లు.

"నడువున్రి, నడువున్రి! కండ పట్టిన నన్నే ముట్టలే, మీ ఎండు బొక్కలు ఎవలికి గావాలె? మీసాలు ఇంట్ల పెట్టొచ్చిన్రా?"

మధ్యాహ్నానికి ఎంపిక పూర్తయింది. మగవాళ్లను మాత్రమే తీసుకోవాలని తను పెట్టిన నిబంధనను నరసరాజు తనే పక్కన పడేశాడు. మట్టి పిసకడానికి ఆడవాళ్ల జట్టు ఒకటి కట్టి, దానికి మొగులమ్మను మేస్త్రిని చేశాడు. మనుషుల్ని ఎంచడం తన వృత్తి. ఈ ఒక్క ఎంపికకు జీవితాంతం గర్వపడొచ్చు అనిపించింది.

తర్వాత కొమురయ్య వైపు తిరిగాడు.

"ఇక నీ సంగతి. లేనిపోని పుకారు లేపి జనాన్ని బెదరగొట్టావు. యజమానికి నేనే చెబుతాను. ఈ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీలోనూ నీకు గుత్త దొరకదు. కిష్టప్పా, ఇతన్ని గేటు బయటికి నెట్టు!"

కొమురయ్య బీడీ పారేసి చేతులు జోడించాడు. "పిల్లల మీద ఒట్టు సారు! నాకేం తెల్వదు. నా కడుపు కొట్టకున్రి!"

కిష్టప్ప అతని భుజం పట్టుకున్నాడు. మొగులమ్మ వచ్చి మధ్యలో నిలబడింది.

"ఆయన్ని ఇడిసిపెట్టున్రి సారూ."

"ఇందాక నిన్ను వెక్కిరించిన మనిషమ్మా ఇతను. జాలెందుకు?"

"జాలి గాదు." పొద్దుటినుంచి మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. "ఒక్కటడుగుత, నిజం జెప్పున్రి. మొన్నటి తీరుగనే మగోళ్లంత గేటు కాడ వరుస గట్టుంటె, మీరు నా మొకం సూస్తుంటిరా?"

నరసరాజు తడుముకోలేదు. "లేదు. వెనక్కి పంపేవాణ్ని."

మొగులమ్మ కొమురయ్య వైపు చూసింది. చేతికొచ్చిన పని జారిపోతుందని తెలిసే నోరు విప్పింది.

"నరబలి ముచ్చట పుట్టిచ్చింది నేనే సారూ."