తడక అవతల కాపరి

ఈస్టరు ముందు శనివారం, సాయంత్రం సరిగ్గా ఆరు గంటలకు, ముసలి గొర్రె దోర్కమ్మ మూలమూలా వెతికింది. మనవరాలు రూతు దొడ్డిలో ఎక్కడా లేదు.

ఆ పూట కాపరికి సంబరం చేయాలని మందంతా ఆయనకంటే ముందే పరుగెత్తుకొచ్చి తడక గడియ వేసుకుంది. మేకపోతు సీలన్న అందరి మెడల్లో గంటలు కట్టించాడు. దొడ్డి హోరెత్తిపోతోంది.

“కాస్త ఆపండి నాయనా! పిల్ల ఎక్కడ ఏడుస్తోందో వినాలి” అంది దోర్కమ్మ.

“ఇదంతా కాపరి కోసమే అత్తా! నీకు ఆనందమంటేనే గిట్టదు” అన్నాడు సీలన్న.

“ఆయన కోసమే అయితే, ఆయనేడీ మరి?”

గంటలు ఒక్కొక్కటే ఆగాయి. అప్పుడు తడక అవతలి నుంచి మెల్లని గొంతు వినబడింది.

“ఎంతసేపటినుంచో పిలుస్తున్నాను, దోర్కమ్మా.”

సీలన్న సిగ్గుపడుతూ కొమ్ముతో గడియ ఎత్తాడు. కాపరి భుజాల మీద రూతు హాయిగా నిద్రపోతోంది.

మర్నాడు తెల్లవారగానే మందంతా తడక దగ్గర చేరి మౌనంగా నిలబడింది. కాపరి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాడు. తన పేరు చెవిన పడ్డాకే సీలన్న పాట ఎత్తుకున్నాడు.