వదలని కృష్ణుడు

కొబ్బరినూనెతో తుడిచినా, సున్నిపిండితో రుద్దినా మొహం మీది నీలం పిసరంత కూడా వదల్లేదని అద్దంలో చూసుకుని పానకాలు కెవ్వుమన్నాడు.

"కాలేషా! ఏం పూశావురా నా మొహానికి?"

"ఎప్పుడూ పూసేదే. తెల్ల సఫేదా పొడి, నీలం." నరసరావుపేట నాటక సమాజంలో అందరికీ రంగు వేసేదీ, తీసేదీ కాలేషాయే. "నువ్వే తొందరపడి నీళ్ళు ముందు పోసుకుని ఉంటావు. ముందు నూనె, తర్వాత మెత్తటి గుడ్డ, ఆఖర్న నీళ్ళు. చెబితే ఇనవు గదా!"

"అట్లనే చేశానయ్యా! తోలు ఊడొస్తంది గానీ కృష్ణుడు ఊడట్లా!"

యుద్ధం మూలాన కిరసనాయిలు దొరక్క, ఆ రోజు నాటకం పట్టపగలే వేశారు. ఆట అవగానే ఇద్దరూ దొడ్డిదారిన ఇంటికి పరిగెత్తుకొచ్చారు. దీపాలు పెట్టే వేళకు శావల్యాపురం నుంచి బ్రహ్మయ్య వస్తున్నాడు, పెళ్ళికొడుకును చూసుకోవడానికి. ఆయన కూతురు కన్యకాపరమేశ్వరి తప్ప పానకాలుకు లోకంలో ఇంకో ఆడపిల్ల కనబడదు. బ్రహ్మయ్య మధ్యవర్తి చేత ఒకటే షరతు చెప్పి పంపాడు. నాటకాలాడేవాడికి పిల్లనివ్వడట. మావాడు నాటకం మొహమే ఎరగడని పానకాలు ఇంటివాళ్ళు ఒట్టేసి కబురు చేశారు. కృష్ణుడు ఎవరన్నది సమాజం వాళ్ళు కూడా గుట్టుగానే ఉంచారు.

"ఒరేయ్, కూచో!" అంటూ తల్లి వెంకటలక్ష్మి పుల్లమజ్జిగ తెచ్చి మొహాన కొట్టింది. ఫలితం లేదు. చింతపండు పెట్టి తోమింది. రాగిచెంబు మెరిసినట్టు నీలం ఇంకాస్త నిగనిగలాడింది.

"ఇంక గోడకి పటం కట్టి హారతివ్వాల్సిందే," అన్నాడు కాలేషా.

వీధిలో ఎద్దుల గంటలు మోగి ఆగాయి.

"చెల్లెమ్మా! ఇంట్లో ఉన్నారా?"

బ్రహ్మయ్య గొంతు. కాలేషా పానకాలును ఎత్తి నులకమంచం మీద పడేశాడు.

"పాము కరిచిందని చెప్పు పిన్నీ! పాము కరిస్తే మనిషి నీలం తిరగడూ?"

వెంకటలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని శోకం అందుకుంది. "అన్నయ్యగారూ! నా బిడ్డని పాము కరిచిందండీ!"

బ్రహ్మయ్య కంగారుపడలేదు. కండువా సర్దుకుని మంచం మీదకు వంగాడు. "చేతులూ కాళ్ళూ తెల్లగానే ఉండయ్యే. మొహమొక్కటే నీలం. ఇదేం పాము?"

"చూరులోంచి నెత్తిన పడి కరిచిందండీ," అన్నాడు కాలేషా. "విషం ఇంకా కిందకి దిగలా."

"అట్లనా! అయితే పరీక్ష చెయ్యాల్సిందే. విషం ఎక్కినోడికి వేపాకు చేదు తెలవదు." దొడ్లోంచి గుప్పెడు వేపాకు దూసుకొచ్చి పానకాలు నోట్లో కుక్కాడు. "నములు అబ్బాయ్. ఎట్టుంది?"

"తి... తియ్యగా ఉంది మామగారూ."

"చెరుకులాగానా, బెల్లంలాగానా?"

"బెల్లం."

"పాపం, చానా ఎక్కింది. ఇంకాసిని తిను."

ఇంకో గుప్పెడు పడింది. పానకాలు నవ్వు మొహంతో మింగాడు. ఈసారి బ్రహ్మయ్య వంటింటి వైపు చెయ్యి చాపాడు. "చెల్లెమ్మా, మిరపకాయలు పట్రా. కారం తగలకపోతే విషం ఖాయం."

పల్నాటి మిరపకాయ. రెండోది కొరికేసరికి పానకాలు చెవుల్లోంచి పొగలొచ్చినంత పనైంది.

"ఏంది, కళ్ళెంబడి నీళ్ళు?"

"మిమ్మల్ని... చూసిన ఆనందం... మామగారూ."

"కారం?"

"అసలు... లేదండీ."

కాలేషా గోడ వైపు తిరిగి భుజాలు అదురుతుంటే నిలబడ్డాడు. ఏడుస్తున్నాడో, నవ్వుతున్నాడో ఎవరికీ తెలియదు.

బ్రహ్మయ్య నిట్టూర్చాడు. "ఇంక లాభం లా. గరిటె ఎర్రగా కాల్చుకురా చెల్లెమ్మా. నడినెత్తిన వాత పెడితే విషం విరుగుద్ది."

పానకాలు మంచం మీంచి ఎగిరి నేల మీద పడి, ఆయన కాళ్ళు రెండూ పట్టుకున్నాడు.

"పామూ లేదు, విషమూ లేదు మామగారూ! కృష్ణుడి వేషం వేసింది నేనే! ఆ పాడు రంగు వదల్లేదు! మీ అమ్మాయిని కాదనకండి. ఈ జన్మలో మళ్ళీ మొహానికి రంగు పూయను!"

"పూయవా?" బ్రహ్మయ్య ఉలిక్కిపడ్డాడు. "కొంప ముంచుతావా ఏంది!"

ముగ్గురూ నోళ్ళు తెరిచారు. బ్రహ్మయ్య మంచం మీద చతికిలపడి, కండువా జారిపోయేలా నవ్వడం మొదలుపెట్టాడు. అతి కష్టం మీద ఊపిరి తీసుకుని అన్నాడు:

"నాటకాలోడికి పిల్లనివ్వనన్నమాట నిజమే అబ్బాయ్. కానీ పోయిన నెల మా ఊళ్ళో మీ ఆట చూసిన కాణ్ణుంచీ మా కన్యక, చేసుకుంటే ఆ కృష్ణుణ్ణే చేసుకుంటానని అన్నం మానేసి కూచుంది. ఆడెవడో చెప్పమంటే మీ సమాజమోళ్ళు చెప్పరు. నువ్వేనేమోనని అడిగిస్తే మీ ఇంట్లో ఒట్లేస్తిరి. కడుక్కున్నాక ఎవడు కృష్ణుడో, ఎవడు శకునో నాకెట్లా తెలుస్తది? అందుకని ఇయ్యాల పొద్దున్నే ఈ ఊరొచ్చి, ఆటకి ముందు మీరంతా అన్నాలకి పోయినప్పుడు, ఆ కృష్ణుడి రంగుగిన్నెలో బట్టలకేసే నీలిమందు కలిపింది నేనే!"