అన్న ఎక్కుతడు

"సార్, ఓ అన్న ఎక్కుతడు. పర్ణశాల దాకనే."

జీపు డ్రైవరు పోతయ్య ఆ మాట అనగానే శ్రావణి గుండె ఝల్లుమంది.

భర్త రమణకు నెల్లూరు నుంచి ఖమ్మం బదిలీ అయి నెల కూడా కాలేదు. కొత్త ఊళ్లో చూడదగ్గవేమిటని అడిగితే ఇంటి ఓనరమ్మ ఖిల్లా, నేలకొండపల్లి, కిన్నెరసాని, భద్రాద్రి, పర్ణశాల అంటూ వేళ్లు మడిచి చెప్పింది. చెప్పి ఊరుకుంటే బాగుండేది.

"అటు అడవిల అన్నలు తిరుగుతరమ్మా. అన్నలంటే తోడబుట్టినోళ్లు గాదు, తుపాకులు పట్టినోళ్లు. పైలం!" అని కూడా అంది.

పుష్కరాలు జరిగిన ఏడాది అది. ఏ పేపరు చూసినా ఎన్‌కౌంటర్ల వార్తలే. కొత్తగా నేర్చుకున్న ఆ మాట శ్రావణిని చెవిలో జోరీగలా వదల్లేదు. అయినా ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, భద్రాచలంలో రాముణ్ణి చూసుకుని, పర్ణశాలకు జీపు మాట్లాడుకున్నారు. తీరా బయల్దేరబోతుంటే ఈ అన్న!

ఎక్కిన మనిషికి నలభై ఏళ్లుంటాయి. మాసిన గడ్డం, అరిగిన చెప్పులు, ఒళ్లో గుడ్డ సంచి. జీపు గుంతలో పడ్డప్పుడల్లా ఆ సంచిని రెండు చేతులతో పొదివి పట్టుకుంటున్నాడు.

"ఏమండీ, ఆ సంచిలో ఏముందో!" శ్రావణి భర్త చెవిలో గొణిగింది.

"ఊరుకో. అటు చూడకు." ధైర్యం చెప్పిన రమణకే చెమటలు పడుతున్నాయి.

వాళ్ల నాలుగేళ్ల పాపకు ఈ గొడవేమీ తెలియదు. ఆయన్ని చూసి నవ్వింది. ఆయనా నవ్వాడు.

"పాపను ఉత్తకాళ్లతోని తిప్పకమ్మా," అన్నాడు శ్రావణితో. "సీతమ్మ నారచీరల గుర్తులు జూసే కాడ రాళ్లుంటయి. సందులల్ల చెయ్యి పెట్టనియ్యకు."

అనుమానం పెనుభూతం అన్నారు కదా. శ్రావణికి అది జాగ్రత్తలా కాదు, బెదిరింపులా వినిపించింది. పాపను గబుక్కున ఒళ్లోకి లాక్కుంది.

దారి మధ్యలో పోలీసులు జీపు ఆపారు. బండి కాయితాలు చూపించడానికి పోతయ్య చెట్టు కిందికి వెళ్లాడు. ఒక కానిస్టేబులు ఆ మనిషిని సంచితో సహా దింపి పక్కకు తీసుకెళ్లాడు. వాళ్లేం మాట్లాడుకున్నారో జీపులోకి వినిపించలేదు.

కానిస్టేబులు తిరిగొచ్చి రమణ ఆఫీసు కార్డు చూశాడు.

"గవర్నమెంటు సారే గదా! గాయన మీకు ఎరుకైన మనిషేనా? గుర్తింపు కార్డు ఇంటికాడ మర్చిండట. మీరు ఎరుకే అంటే పంపిస్తం."

రమణ నోరు తెరవబోయాడు. శ్రావణి మోచేత్తో పొడిచింది.

"మాకు తెలీదండీ. 'అన్న ఎక్కుతడు' అని డ్రైవరే ఎక్కించాడు," అన్నాడు రమణ.

"అన్ననా?" కానిస్టేబులు మొహం మారిపోయింది.

ఆ మనిషిని మళ్లీ ఎక్కనివ్వలేదు. పోతయ్య పరుగున వచ్చి, చేతులు జోడించి ఎంతో బతిమాలాడు. "అడిగేది అడిగి మాపటికి ఇడుస్తం. నువ్వు నడువ్," అన్నారు వాళ్లు.

పోతయ్య వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"ఆదివారం పూట గిట్ల జేస్తిరి," అన్నాడు. ఎవర్నన్నాడో తెలియలేదు. బండిని విసురుగా ముందుకు ఉరికించాడు.

పీడ విరగడైందనుకుంది శ్రావణి. అడవిని చూడటం మొదలుపెట్టింది.

పర్ణశాలలో కుటీరం చూశారు. వాగు దగ్గర నారచీరలు ఆరేసిన గుర్తులు చూశారు. రమణ ఫొటో తీయబోతుంటే శ్రావణి కొంగు సర్దుకుంది. ఆ కాస్త సేపట్లోనే పాప ఎర్రరాయి ఏరుకోవాలని రాళ్ల సందులో చెయ్యి పెట్టింది.

మరుక్షణం కెవ్వుమంది.

"ఎర్ర తేలు! చిన్నపిల్లకు శానా చెడ్డదమ్మా!" అన్నారెవరో.

చూస్తుండగానే పాపకు ఒళ్లంతా చెమట పట్టింది. వాంతి చేసుకుంది. చేతులూ కాళ్లూ చల్లబడిపోతున్నాయి.

పోతయ్య పాపను ఎత్తుకుని జీపు దగ్గరికి ఉరికాడు.

"జల్దీ ఎక్కుర్రి! భద్రాచలం దాకా ఆగే పని గాదిది. ముంగట గట్టుగూడెంల దవాఖానున్నది, నర్సన్నా ఉంటది."

"అక్కడ డాక్టరుంటాడా?"

పోతయ్య బండి స్టార్టు చేశాడు.

"చెప్పు బాబూ, ఉంటాడా?"

"ఆదివారం ఒక్కనాడే ఉంటడు," అన్నాడు పోతయ్య, తల తిప్పకుండా.

"ఇవాళ ఆదివారమే కదా! నా తల్లే, రాముడే చల్లగా చూశాడే!" శ్రావణి ఏడుస్తూనే పాపను గుండెకు హత్తుకుంది.

పోతయ్య బండిని పిచ్చిపట్టినట్టు తోలాడు.

గట్టుగూడెంలో పెంకుటింటి అరుగు నిండా జనం. చంకన పిల్లలతో తల్లులు, దగ్గుతున్న ముసలివాళ్లు. జీపు చప్పుడు వినగానే అందరూ లేచి నిలబడ్డారు.

నర్సు జంపక్క ఎదురుగా పరుగెత్తుకొచ్చింది. తేలు కుట్టిందని వినగానే పాప చెయ్యి ముట్టుకుని ఉలిక్కిపడింది. గబగబా జీపు ముందు సీటు చూసింది, వెనక సీటు చూసింది. ఎవరికోసమో మళ్లీ దారి వైపు చూసింది.

"పోతయ్య మామా, తేలు మందు అన్న సంచిలనే ఉంటది, ప్రతి ఆదివారం నీ జీపుల వచ్చే మన డాక్టరన్న ఏడి?"