బందాయ సరస్సు ఒడ్డున

"స్కూలు సరస్సుకి ఎదురుగానే ఉంది కదూ?" అడిగాడు రామమోహన్.

"ఎదురుగానే. పొద్దున్నే ఆడపిల్లలు పాడే పాట నీళ్ళ మీదుగా అవతలి ఒడ్డుకి వినిపించేది," అన్నాడు శామ్యూల్, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

రామమోహన్ సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. బడి కిటికీలు నీళ్ళవైపే ఉండాలని అప్పట్లో ఆఫీసులో అందరితోనూ పోట్లాడింది తనే.

ఇద్దరూ ఉండేది అమెరికాలో, షాంటిలీ అనే శివారు ఊళ్ళో. పని వాషింగ్టన్‌లో, ఒకే బిల్డింగులో. రామమోహన్ టౌన్ ప్లానర్. శామ్యూల్ ఆ కింది ఫ్లోర్‌లో అకౌంటెంట్. ఒక వారం ఇతని కారు, ఒక వారం అతని కారు. కార్‌పూల్ మొదలైన రోజున మాటవరసకి "మీది ఏ దేశం?" అనడిగితే, శామ్యూల్ "పశ్చిమ ఆఫ్రికా. బందాయ సరస్సు ఒడ్డు" అన్నాడు. రామమోహన్ చేతిలో కాఫీ ప్యాంటు మీద ఒలికిపోయింది.

పదేళ్ళ కిందటి మాట. డెబ్భై ఆరులో ఆ చిన్న దేశపు సముద్రంలో చమురు బయటపడింది. బందాయ సరస్సు పక్కన కొత్త రాజధాని కడతామంది ప్రభుత్వం. ప్లాను గీసే పని రామమోహన్ అప్పుడు చేస్తున్న కంపెనీకి వచ్చింది. అతను వెళ్ళి కొన్నాళ్ళు ఆ ఒడ్డునే ఉన్నాడు. బహిరంగ సభలో మంత్రి, "ఈ చమురు మీది! ఇంటింటికీ కొళాయి, ప్రతి పిల్లకీ బడి!" అని అరిస్తే చుట్టుపక్కల ఊళ్ళ జనం లేచి చిందులేశారు. ఒక ముసలామె వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని తన భాషలో ఏదో అంది. అర్థం కాకపోయినా అతనికి ఏడుపొచ్చింది.

అమెరికా తిరిగొచ్చి ప్లాను పూర్తిచేశాడు. ఆ మరుసటేడే కంపెనీ మూతపడింది. ఇక్కడి పేపర్లలో ఆ దేశం పేరైనా కనబడేది కాదు. ఇప్పుడతను గీసేవి షాపింగ్ సెంటర్ల పార్కింగ్ లాట్లు. బతుకులో తను గీసిన ఊరు అదొక్కటే.

అందుకే కారెక్కితే చాలు, ప్రశ్నలు మొదలు.

"సంత రాత్రయినా ఉంటుందా?"

"చీకటి పడ్డాకే అసలు సంత. దీపాలన్నీ నీళ్ళలో కనిపించేవి."

"నీళ్ళకి ఇబ్బంది లేదుగా?"

"మా అమ్మ ఏనాడూ నీళ్ళకి వెతుక్కోలేదు."

"నడక దారి పొడుగునా మామిడి చెట్లు పెట్టాలనుకున్నాను..."

"ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందేవి కావు ఆ మానులు."

"పదేళ్ళకే? ఏం నేల!" మురిసిపోయాడు రామమోహన్. "అన్నీ అలాగే ఉన్నాయా?"

శామ్యూల్ రోడ్డు వంకే చూస్తూ, "నా కళ్ళకి అలాగే కనిపిస్తాయి," అన్నాడు.

ఆ సాయంత్రం భార్య వసుమతి చపాతీలు కాలుస్తుంటే రామమోహన్ వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"మన ట్వెంటీఫిఫ్త్ యానివర్సరీకి నయాగరా వద్దు వసూ."

"మళ్ళీ ఆ ఊరేనా? నాకంటే అదే ఎక్కువ మీకు!"

"పిల్లలు లేరని నువ్వు బాధపడతావు కదా. అక్కడ ఇప్పుడు వేలమంది పిల్లలుంటారు. నేను గీసిన బళ్ళో చదువుతుంటారు. ఒక్కసారి చూసొద్దాం."

వసుమతి స్టవ్ ఆపింది. "సరే, బుక్ చేయండి. వాళ్ళకి చాక్లెట్లు ప్యాక్ చేస్తాను," అంది.

సోమవారం కారెక్కగానే రామమోహన్ టిక్కెట్లు బయటికి తీశాడు.

"శామ్యూల్! నవంబర్‌లో మీ ఊరు వెళ్తున్నాం. మీవాళ్ళకి ఏమైనా పంపాలంటే చెప్పు."

శామ్యూల్ ముందొచ్చిన ఎగ్జిట్‌లో హైవే దిగి, ఒక గ్యాస్ స్టేషన్ పక్కన కారు ఆపాడు. ఇంజన్ ఆపేశాక కూడా స్టీరింగ్ వదల్లేదు.

"వెళ్ళకండి సర్."

"ఏం? గొడవలేమైనా జరుగుతున్నాయా?"

"అక్కడ మీ నగరం లేదు. పునాదులు తవ్వారు. డబ్బంతా పెద్దవాళ్ళు పంచుకున్నారు. ప్రభుత్వం మారింది, తర్వాత చమురు ధర పడిపోయింది. ఆ గోతుల్లో వాననీళ్ళు నిలిచి ఉంటాయి. కొళాయిల కోసం ఎదురుచూసి చూసి జనం చెదిరిపోయారు."

పక్కనుంచి ట్రక్కులు పోతుంటే కారు చిన్నగా ఊగుతోంది.

"పాతిక ఇటుకలైనా పేర్చలేదా?"

"లేదు సర్."

"మరి ఆ బడి? ఆ సంత, ఆ చెట్లు? ఇన్నాళ్ళూ నాతో అబద్ధాలు చెప్పావా?"

"ఒక్కటి కూడా అబద్ధం కాదు. మీరేదో అనుకుంటున్నారని తెలిసీ ఆపలేకపోయాను, అది నా తప్పే. ఈ దేశంలో ఆ ఒడ్డు గురించి నన్ను అడిగింది మీరొక్కరే. మీరు అడిగినప్పుడల్లా ఒకసారి ఇంటికెళ్ళి వచ్చినట్టుండేది."

"నగరమే కట్టనప్పుడు ఏ బడి శామ్యూల్? ఎక్కడి పిల్లలు?"

శామ్యూల్ మొదటిసారి అతనివైపు తిరిగాడు.

"నేను చెప్పింది, మీ నగరం కోసం కూల్చేసిన మా ఊరి గురించి."