వెనక గోడ కనిపించాలి

"ఇది వద్దండీ. మచ్చలున్నాయి."

పాత అద్దాల కొట్టుకు వచ్చి మచ్చలున్నాయని వంక పెట్టిన మనిషిని దుకాణదారు చూడటం అదే మొదటిసారి. జనం అక్కడికి వచ్చేదే మచ్చల కోసం. పూత ఎంత పోతే అంత పాతదని మురిసిపోయి మరీ పట్టుకెళతారు. పడగొట్టిన బంగళాల నుంచి, మూతపడ్డ హోటళ్ళ నుంచి ఏరి తెచ్చిన అద్దాలు గోడల నిండా ఉన్నాయి. ఎటు తిరిగినా దుకాణదారు బట్టతలే కనిపిస్తోంది.

అసలే ఆయన నోరు ఊరుకోదు.

"అమ్మా, పాత అద్దం మనిషిని మెత్తగా చూపిస్తుంది. ముడతలు అవీ కప్పేస్తుంది. దాని గొప్పే అది."

"మెత్తగా చూపించేది నాకొద్దు. ఉన్నది ఉన్నట్టు కనపడాలి."

"అలాగైతే కొత్తదే కొనుక్కోవచ్చుగా?"

"చూశాను. అన్నీ గోడకు తగిలించేవే. నాకు కింద నిలబెట్టేది కావాలి. ముందుకీ వెనక్కీ వంచితే, వంచిన చోటే కదలకుండా ఉండాలి."

ఎందుకో ఆవిడే చెప్పింది. భర్త పక్షవాతంతో మంచాన పడి ఏడాది దాటింది. మాట పోయింది. మెడ తిరగదు. కళ్ళు మాత్రం ఆడతాయి. ఎదురుగా ఉన్న సున్నం గోడ తప్ప ఆయనకు మరో లోకం లేదు. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు చెప్పేశాడు.

"మంచం వెనక గోడ ఆయనకు కనపడాలండీ. పోయేలోపు ఒక్కసారైనా చూడాలి."

దుకాణదారుకు తన ఇల్లు గుర్తొచ్చింది. ఆయన భార్య, తలనొప్పి అంటే మందు ఏ అలమారలో ఉందో చెప్పి అటు తిరిగి పడుకునే రకం. పెట్టి పుట్టాలి ఇలాంటి ఇల్లాలు దొరకాలంటే అనుకున్నాడు. మంచం వెనక కిటికీ, కిటికీ అవతల చిన్న తోట ఆయన కళ్ళ ముందు కదిలాయి.

వెంటనే గుండ్రటి అద్దం ఒకటి దింపాడు. చుట్టూ లతల నగిషీ.

"ఇది చాలమ్మా. వెనక ఉన్నది చక్కగా కనిపిస్తుంది."

"ఇది చిన్నది. ఆయన మొహం కూడా కనపడాలి. మొహమూ వెనక గోడా ఒకే చూపులో పడాలి."

"అవును మరి. తన మొహం తను చూసుకుని ఏడాదైంది పాపం."

"అంతకంటే ఎక్కువే అయిందండీ," అంది ఆవిడ.

చివరికి కొట్టు వెనక గదిలో దొరికింది. నిలువెత్తు అద్దం, టేకు చట్రం, రెండు పక్కలా ఇత్తడి మరలు. ఒకప్పుడు దర్జీ కొట్టులో ఉండేది. చొక్కా వంకర పోతే వంకరగానే చూపించిన అద్దం అని దుకాణదారు పొగిడాడు. ఆవిడ దాని ముందు నిలబడింది. తన మొహం చూసుకోలేదు. తన భుజం మీదుగా వెనక ఏం కనిపిస్తోందో చూసింది.

"ఇదే ఇవ్వండి."

గోనెపట్టా చుడుతూ దుకాణదారు అడిగాడు. "పిల్లలెంతమంది అమ్మా?"

"ఒక్కతే అమ్మాయి. పదేళ్ళుగా మా అన్నయ్య వాళ్ళింట్లోనే ఉంది. ఆయన ఇంట్లో ఉండనివ్వలేదు. మంచాన పడ్డాకే తెచ్చుకున్నాను."

"పోనీలెండి. తండ్రీకూతుళ్ళ కోపాలు ఎన్నాళ్ళు? ఇప్పుడు నాన్న దగ్గరే ఉంటోందా?"

"అక్కడే ఉంటుంది."

మర్నాడు బండి వెంట దుకాణదారు తనే వెళ్ళాడు. పనివాళ్ళు మంచం కాళ్ళ దగ్గర అద్దం నిలబెట్టి వెళ్ళిపోయారు.

గదిలో మందుల వాసన తప్ప మురికన్నది లేదు. దుప్పటి తెల్లగా ఉంది. దిండ్ల మీద ఏటవాలుగా ఆనించిన రోగి గడ్డం నున్నగా గీసి ఉంది. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. ఆయన తల వెనక గోడకు నీలం రంగు కర్టెన్ మూసి ఉంది.

ఆవిడ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తలను భర్త దిండు మీద పెట్టింది. చెంప చెంపకు ఆనించి, ఆయన కళ్ళు ఉన్న చోటి నుంచే అద్దంలోకి చూసింది.

"కొంచెం వంచండి. ఇంకొంచెం. చాలు, ఆపండి."

దుకాణదారు మరలు బిగించాడు.

"ఇంకా గట్టిగా బిగించండి. సాయంత్రం నర్సు వస్తుంది. తెలియక తిప్పేస్తే కష్టం."

"ఏనుగొచ్చి తోసినా కదలదమ్మా. అయ్యగారే, వెలుతురు కొట్టి కళ్ళు మూసుకుంటారేమో!"

"మూసుకోనివ్వండి. మళ్ళీ తెరవాలి కదా."

ఆవిడ లేచి కర్టెన్ పక్కకు లాగింది.

రోగి కళ్ళు అద్దంలోకి వెళ్ళి అక్కడే ఆగిపోయాయి. పెద్దవయ్యాయి. ఏడాదిగా పెగలని గొంతులోంచి ఏదో శబ్దం బయటికొచ్చింది. నున్నటి చెంపల మీద నీళ్ళు ధారగా కారాయి. ఆవిడ మెత్తటి గుడ్డతో వాటిని తుడిచింది, చూపుకు అడ్డం రాకుండా.

"చూశారా అమ్మా, అయ్యగారికి ఆనందం పట్టడం లేదు," అన్నాడు దుకాణదారు. ఆయనకూ ఏడుపొచ్చింది. చేతిరుమాలుతో కళ్ళు ఒత్తుకుని, ఆ తోట తనూ ఒకసారి చూద్దామని మంచం వెనక్కి తిరిగాడు.

అక్కడ కిటికీ లేదు, తోట లేదు; బోసి గోడ మీద, మేనమామ ఇంటి నుంచి తెచ్చిన రెండు జడల అమ్మాయి ఫోటో, దాని పక్కనే మేకుకు, పదేళ్ళ కిందట ఆ పిల్ల ప్రాణం పోయేదాకా తండ్రి చేతిలో ఆడిన తోలు బెల్టు వేలాడుతున్నాయి.