రెండో పిండం

"లే. ముందు ఆ విస్తరి దగ్గర్నించి లే" అన్నాడు వంశీకృష్ణ.

మధురానగర్ ఫ్లాట్‌లో బంతిలో కూర్చున్న వాళ్లందరి చేతులూ ఆగిపోయాయి.

బదరీనాథ్ వెళ్లొచ్చినందుకు చేస్తున్న సమారాధన అది. వంశీతో పాటు టూర్ బస్సులో వెళ్లిన వాళ్లందరినీ వాళ్లమ్మ అరుణాదేవి పేరుపేరునా ఫోన్ చేసి పిలిచింది. వాళ్లలో ఎర్రగడ్డ రాజనర్సయ్య ఒకడు. వంశీ కంటే నాలుగైదేళ్లు పెద్దవాడై ఉంటాడు. వంశీ లేవమన్నది అతన్నే.

అప్పుడే పప్పు కలుపుకున్నాడు. ముద్ద ఇంకా నోట్లో పెట్టుకోలేదు.

"ఏంట్రా అది? అన్నం ముందు కూర్చున్న మనిషిని లేపుతారా ఎవరైనా?" అంటూ అరుణాదేవి వంటింట్లోంచి వచ్చింది.

"ఈయన చేసిన పని నీకు తెలీదమ్మా. బ్రహ్మకపాలంలో నాన్నకి పిండం పెట్టాడు. నాకంటే ముందే పెట్టాడు."

బదరీ నుంచి వంశీ కడుపులో ఉడుకుతున్న మాట అది.

అతను కొండెక్కింది భక్తి కొద్దీ కాదు. బ్రహ్మకపాలంలో ఒక్కసారి పిండం పెడితే ఇక ఏటా తద్దినం పెట్టక్కర్లేదని ఎవరో చెప్పారు. ఆ ఒక్క లాభం చూసుకునే ఆఫీసుకి సెలవు పెట్టాడు. తీరా అలకనంద ఒడ్డున కూర్చున్నాక గోత్రం గుర్తు రాలేదు. అమ్మని అడుగుదామంటే సిగ్నల్ లేదు. తల గోక్కుంటూ ఉండగా పక్కన కూర్చున్న రాజనర్సయ్య వంతు ముందొచ్చింది.

"కౌండిన్యస గోత్రం, వేమూరి రాఘవయ్య" అన్నాడు రాజనర్సయ్య, తడుముకోకుండా.

అది వంశీ తండ్రి పేరు. వంశీ మర్చిపోయిన గోత్రం.

తన వంతు వచ్చినప్పుడు వంశీ కూడా అదే గోత్రం, అదే పేరు చెప్పాడు. అది విన్నప్పట్నించీ రాజనర్సయ్య అతని ముఖం చూడలేదు. బస్సులో చివరి సీటుకి మారిపోయాడు. తప్పు చేసినవాడే అలా తప్పించుకు తిరుగుతాడని వంశీ తేల్చేసుకున్నాడు. నాన్నకి ఎక్కడో ఇంకో సంసారం ఉంది. వీడు ఆ కొడుకు. కోపంలో చూస్తే ముక్కు కూడా నాన్నదే అనిపించింది.

అరుణాదేవి ముఖం పాలిపోయింది. గోడ మీద దండ వేసిన భర్త ఫొటో వైపు చూసింది. తర్వాత రాజనర్సయ్య వైపు చూసింది.

"ఎవరు బాబూ మీరు? మా వారికి మీరు పిండం పెట్టడమేంటి?"

రాజనర్సయ్య నోరు తెరిచాడు.

"చెప్పండి. దాచకండి" అందామె. "ఆయన పోయేటప్పుడు నేను పక్కన లేను. జ్వరంతో ఇంట్లో పడి ఉన్నాను. మా వంశీ చేతుల్లోనే పోయారు. వీడే నోట్లో నీళ్లు పోశాడు. ఆ ఒక్క తృప్తితోనే బతుకుతున్నాను. ఆయన గురించి నాకు తెలియనిది ఏదన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి."

రాజనర్సయ్య వంశీ వైపు ఒక్కసారి చూశాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు.

"పొరపాటైందమ్మా" అన్నాడు. "మా చిన్నాయన పేరు సుత రాఘవయ్యనే. పంతులు తొందర పెడ్తుంటే ఏదో అన్న. జర మాఫ్ చెయ్యి."

"ఇంటిపేరు కూడా అదేనా? గోత్రం కూడా అదేనా?" వంశీ అతని భుజం పట్టుకుని లేపాడు. "సిగ్గుండాలి. ఇన్నాళ్లకి వాటా కోసం వచ్చావా?"

రాజనర్సయ్య కిందికి వంగాడు. తినని విస్తరిని మడిచాడు. అరుణాదేవికి దండం పెట్టి బయటికి నడిచాడు. ఆమె ఆగమనలేదు.

వంశీ కోపం అప్పటికీ చల్లారలేదు. మెట్లు దిగి వెంటపడ్డాడు. గేటు దాటబోతున్న మనిషి చొక్కా పట్టుకున్నాడు.

"అమ్మ ముందు నాటకం ఆడావు. ఇప్పుడు చెప్పు. ఎవరివిరా నువ్వు?"

రాజనర్సయ్య ఆ చేతిని విదిలించి కొట్టాడు. అతని కళ్లలో కోపం కనిపించడం అదే మొదటిసారి.

"మీ అమ్మ ముందట చెప్పాల్నా? చెప్తే ఆమె ఇంకో ముద్ద తింటదా? నేను నీ కోసం రాలే. ఆ తల్లిని ఒక్కసారి చూసిపోదామని వచ్చిన."

"ఏంటి నువ్వు చెప్పేది?"

"పంజాగుట్ట దవాఖానల మీ నాయన పక్క మంచం మా అవ్వది. సిస్టర్ నీకు ఫోన్ మీద ఫోన్ కొట్టింది. నువ్వు కట్ చేసుడే."

వంశీకి ఆ ఫోన్లు గుర్తున్నాయి. ఆ రోజు ఆఫీసులో మీటింగ్. ఫోన్ కట్ చేసి చేసి, చివరికి బల్ల మీద బోర్లా పెట్టేశాడు. ఆసుపత్రికి వెళ్లేసరికి నాన్న ముఖం మీద దుప్పటి కప్పేశారు. అమ్మకి మాత్రం ఇంకోలా చెప్పాడు.

"బద్రీల పిండం పెట్టు నాయనా అని పోయే ముందు మాట తీసుకున్నడు మీ నాయన. గోత్రం యాదుండదని అది సుత తనే చెప్పిండు."

"నీకెందుకు చెప్తాడు?" అన్నాడు వంశీ.

"నాకు చెప్పలే. నీకే చెప్పిండు" అన్నాడు రాజనర్సయ్య. "అప్పటికే ఆయనకు కండ్లు కనవడ్తలేవు. వంశీ వచ్చాడా, వంశీ వచ్చాడా అని ఒకటే అడుగుడు. వినలేక నేనే చెయ్యి పట్టుకొని, నోట్ల నీళ్లు పోసి, మీ మాట తీరుగనే 'వచ్చాను నాన్నా' అన్న."